సరిహద్దు నిర్వహణకు అంతర్జాతీయ సహాయం: మధ్య ఆసియా అనుభవం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇరుగుపొరుగు దేశాల మధ్య సరిహద్దు నిర్వహణను మెరుగుపరచడానికి ఐరోపా సమాఖ్య, ఐక్యరాజ్యసమితి సంస్థలు, మరికొన్ని దేశాలు రెండు దశాబ్దాలకు పైగా మధ్య ఆసియాలో సహాయం అందిస్తున్నాయి. ఆ సహాయం ఏయే రూపాల్లో వచ్చింది, ఎక్కడ ఫలించింది, ఎక్కడ అక్కరకు రాలేదు అనే విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఇందుకోసం తజికిస్తాన్–అఫ్ఘానిస్తాన్ సరిహద్దును, ఫర్గానా లోయలోని కిర్గిజ్‌స్తాన్–తజికిస్తాన్ సరిహద్దును పక్కపక్కన ఉంచి పరిశీలించడం జరిగింది. బయటి సహాయం భవనాలను, పరికరాలను, శిక్షణను ఇవ్వగలదు. గీత ఎక్కడుందో, దాన్ని దాటే హక్కు ఎవరికుందో తేల్చుకోవలసింది మాత్రం ఇరుగుపొరుగు దేశాలేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సరిహద్దు నిర్వహణ, ఎల్ల నిర్ణయం, మధ్య ఆసియా, ఫర్గానా లోయ, పంజ్ నది, బొమ్కా, సరిహద్దు సంతలు.

1. ప్రవేశిక

తెలుగులో హద్దును చెప్పే మాటలకు కొదవ లేదు. ఎల్ల, మేర, పొలిమేర, గట్టు వంటి మాటలు మన వ్యవసాయ జీవితంలో నుంచి వచ్చాయి. ఇవాళ దేశాల మధ్య గీతకు మనం వాడుతున్న ‘సరిహద్దు’ మాత్రం పారశీకం నుంచి వచ్చిన మాట. పారశీకంలో ‘సర్’ అంటే తల, కొస. అరబ్బీ మూలమైన ‘హద్ద్’ అంటే అవధి. కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ పాలనలలో భూమికి, శిస్తుకు సంబంధించిన పారశీక పదాలు తెలుగులో ఎన్నో స్థిరపడ్డాయి. ‘సర్‌హద్’ అనే ఈ మాటనే తజికిస్తాన్ ప్రజలు నేటికీ తమ దేశపు ఎల్లకు వాడుతున్నారు. వారి తజిక్ భాష పారశీకానికి ఒక రూపం. మనం వాడే మాటనే వాడే ఆ దేశంలో ఒక గీత ఎన్ని ప్రాణాలు తీసిందో, దాన్ని చక్కదిద్దడానికి బయటివారు ఏం చేయగలిగారో తెలుసుకోవడం అవసరం.

అంతర్జాతీయ సహాయం అనగానే ఆహారం, వైద్యం, విద్య, వరద సహాయం వంటివి గుర్తుకు వస్తాయి. సరిహద్దు నిర్వహణకు అందే సహాయం అంతగా చర్చకు రాదు. ఒక దేశం తన ఎల్లను తాను కాపాడుకోవడం సార్వభౌమత్వపు తొలి లక్షణం. అటువంటి పనికి మరొక దేశం డబ్బు ఇవ్వడం, తన అధికారులను పంపి శిక్షణ ఇప్పించడం చాలా సున్నితమైన విషయం. ఈ సహాయం ఎందుకు అవసరమైంది? దాని అవధులు ఏవి? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

2. భావనల వివరణ

సరిహద్దు గురించి చర్చించేటప్పుడు మూడు పనులను వేరువేరుగా గుర్తించాలి. మొదటిది ఎల్ల నిర్ణయం. ఇరుదేశాల ప్రతినిధులు పటాలు ముందు పెట్టుకుని, గీత ఎక్కడినుంచి ఎక్కడికి వెళుతుందో కాగితంపై అంగీకరించడం ఇది. రెండవది ఎల్ల గుర్తింపు. కాగితంపై ఉన్న గీతను నేలమీదికి తెచ్చి హద్దురాళ్లు, స్తంభాలు నాటడం ఇది. మూడవది సరిహద్దు నిర్వహణ. గుర్తించిన గీతను మనుషులు, సరుకులు, పశువులు, వాహనాలు సక్రమంగా దాటేలా చూడడం, దాటకూడనివాటిని ఆపడం ఇందులోకి వస్తాయి.

మొదటి రెండు పనులకు ఒకనాటికి ముగింపు ఉంటుంది. మూడవదానికి ముగింపు లేదు. అది రోజూ సాగవలసిన పని. పైగా అది సైనికుల పని మాత్రమే కాదు. సరిహద్దు దళాలు, కస్టమ్స్, వలసల విభాగం, పశువైద్యం, సస్యరక్షణ, ఆరోగ్యశాఖ, రవాణాశాఖ అన్నీ ఒకే గేటు దగ్గర పనిచేయాలి. ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే లారీ డ్రైవరు ఒకే కాగితాన్ని నాలుగు కిటికీల దగ్గర చూపించవలసి వస్తుంది.

ఈ అనుభవం నుంచే ‘సమగ్ర సరిహద్దు నిర్వహణ’ అనే భావనను ఐరోపా సమాఖ్య అభివృద్ధి చేసింది. యుద్ధాల తరువాత పశ్చిమ బాల్కన్ దేశాలలో దీన్ని విస్తృతంగా ప్రయోగించింది. ఇందులో మూడు అంచెల సహకారం ఉంది. ఒకే శాఖలో పై అధికారికి, గేటు దగ్గరి ఉద్యోగికి మధ్య సహకారం మొదటిది. ఒకే దేశంలోని వివిధ శాఖల మధ్య సహకారం రెండవది. ఇరుగుపొరుగు దేశాల మధ్య సహకారం మూడవది. మొదటి రెండింటిని బయటి నిపుణులు నేర్పగలరు. మూడవదానికి పొరుగు దేశపు సమ్మతి కావాలి. మధ్య ఆసియా అనుభవంలోని చిక్కు అంతా ఈ మూడవ అంచె దగ్గరే ఉంది.

3. మధ్య ఆసియా సరిహద్దుల నేపథ్యం

మధ్య ఆసియా అంటే కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్ అనే ఐదు దేశాలు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యేదాకా ఇవి ఒకే రాజ్యంలోని రిపబ్లిక్కులు. వీటి మధ్య గీతలు 1924లో మొదలైన జాతుల వారీ విభజనతో రూపొందాయి. తజికిస్తాన్ 1929లోను, కిర్గిజ్‌స్తాన్ 1936లోను పూర్తిస్థాయి రిపబ్లిక్కులయ్యాయి. ఆ తరువాత కూడా భూముల అవసరాలను బట్టి గీతలు మారుతూ వచ్చాయి. ఒక రిపబ్లిక్కు పచ్చికబయళ్లను మరొక రిపబ్లిక్కు కౌలుకు తీసుకోవడం, ఒకరి భూమిలో మరొకరు కాలువలు, రోడ్లు, జలాశయాలు కట్టుకోవడం మామూలుగా జరిగేది. అందరూ ఒకే రాజ్యంలో ఉన్నప్పుడు ఆ గీతలకు పరిపాలనా ప్రాధాన్యం మాత్రమే ఉండేది.

1991 తరువాత ఆ గీతలే దేశాల సరిహద్దులయ్యాయి. మొఘల్ సామ్రాజ్య స్థాపకుడు బాబర్ పుట్టిన అందిజాన్ ఉన్న ఫర్గానా లోయ దీనికి పెద్ద ఉదాహరణ. జనసాంద్రత, సారవంతమైన భూమి, నదుల నీరు ఉన్న ఈ లోయను ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ పంచుకుంటున్నాయి. చుట్టూ మరొక దేశపు నేల ఉన్న భూభాగాలు కూడా ఇక్కడ ఉన్నాయి. తజికిస్తాన్‌కు చెందిన వొరూఖ్, ఉజ్బెకిస్తాన్‌కు చెందిన సొఖ్, షాహిమర్దాన్ కిర్గిజ్ నేలలో ఉన్నాయి. కిర్గిజ్‌స్తాన్‌కు చెందిన బరక్ గ్రామం ఉజ్బెక్ భూభాగంలో ఉండేది. ఇక్కడి గ్రామస్థుడికి పక్క ఊరి సంతకు వెళ్లడమే విదేశీ ప్రయాణమైంది.

ఇందుకు భిన్నమైనది తజికిస్తాన్–అఫ్ఘానిస్తాన్ సరిహద్దు. సుమారు 1,350 కిలోమీటర్ల ఈ సరిహద్దు చాలాభాగం పంజ్ నది వెంట సాగుతుంది. పంజ్ నది అము దర్యాకు ఎగువ పాయ. రష్యా, బ్రిటిష్ సామ్రాజ్యాలు తమ మధ్య ఘర్షణను నివారించుకోవడానికి 1873 నాటి అవగాహనతోను, 1895 నాటి పామీర్ సరిహద్దు సంఘంతోను ఈ గీతను స్థిరపరచాయి. నదికి ఇరువైపులా బంధువర్గాలు విడిపోయాయి. గీత మాత్రం వివాదం లేకుండా నిలిచింది. గీత స్పష్టంగా ఉన్న సరిహద్దు ఒకటి, గీతే తేలని సరిహద్దు మరొకటి. ఈ రెండింటికీ దాదాపు ఒకే కాలంలో, ఒకే తరహా అంతర్జాతీయ సహాయం అందింది. అందుకే వీటిని పోల్చి చూడడం సబబు.

4. సహాయం: దాతలు, రూపాలు

తజికిస్తాన్ 1992 నుంచి 1997 వరకు అంతర్యుద్ధంలో చిక్కుకుంది. ఆ కాలంలోను, ఆ తరువాత కొన్నేళ్లపాటు అఫ్ఘాన్ సరిహద్దును రష్యన్ సరిహద్దు దళాలే కాపాడాయి. 2005 నాటికి అవి ఆ బాధ్యతను పూర్తిగా తజిక్ దళాలకు అప్పగించి వెళ్లాయి. పర్వతాలలో విసిరేసినట్లుండే ఔట్‌పోస్టులకు విద్యుత్తు, తాగునీరు, వాహనాలు, సమాచార వ్యవస్థ కల్పించే శక్తి అంతర్యుద్ధం నుంచి అప్పుడప్పుడే కోలుకుంటున్న దేశానికి లేదు. అంతర్జాతీయ సహాయం అవసరమైన సందర్భం ఇదే.

ఐరోపా సమాఖ్య 2003లో ‘మధ్య ఆసియా సరిహద్దు నిర్వహణ కార్యక్రమం’ ప్రారంభించింది. ఆంగ్ల సంక్షిప్త రూపాన్ని బట్టి దీన్ని ‘బొమ్కా’ అంటారు. తొలి దశలను ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అమలుచేసింది. 2015లో మొదలైన తొమ్మిదవ దశకు లాత్వియా సరిహద్దు రక్షణ సంస్థ నాయకత్వం వహించింది. 2021లో మొదలైన పదవ దశను, 2 కోట్ల 16 లక్షల యూరోలకు పైగా నిధులతో, అంతర్జాతీయ వలస విధాన అభివృద్ధి కేంద్రం నాయకత్వంలోని బృందం చేపట్టింది. లాత్వియా, లిథువేనియా వంటి దేశాల అధికారులు ఇందులో శిక్షకులు కావడం గమనార్హం. ఆ దేశాలూ ఒకప్పుడు సోవియట్ వ్యవస్థలో ఉండి, తరువాత ఐరోపా పద్ధతులకు మారాయి. పాత వ్యవస్థ నుంచి కొత్త వ్యవస్థకు మారడంలోని కష్టం వారికి అనుభవంలో ఉంది.

ఐరోపా భద్రతా సహకార సంస్థ 2009లో దుషాంబేలో సరిహద్దు నిర్వహణ అధికారుల కళాశాలను నెలకొల్పింది. ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో తజికిస్తాన్‌లో మాదకద్రవ్య నియంత్రణ సంస్థ 1999లో ఏర్పడింది. అమెరికా నిధులతో పంజ్ నదిపై నిజ్నీ పంజ్ దగ్గర నిర్మించిన వంతెన 2007 ఆగస్టులో ప్రారంభమైంది. పామీర్ ప్రాంతంలో ఆగా ఖాన్ అభివృద్ధి సంస్థలు 2002 నుంచి ఖొరోగ్ సమీపంలోని తెమ్, ఆ తరువాత దర్వాజ్, ఇష్కాషిమ్ మొదలైనచోట్ల వంతెనలు నిర్మించాయి. వాటి దగ్గర వారానికొకసారి సరిహద్దు సంతలు జరిగేవి. తజిక్ వైపు, అఫ్ఘాన్ వైపు గ్రామస్థులు వీసా లేకుండా అక్కడికి వచ్చి సరుకులు కొనుక్కునేవారు.

ఈ సహాయాన్ని నాలుగు రకాలుగా విభజించవచ్చు. కట్టడాలు, పరికరాలు మొదటి రకం. శిక్షణ రెండవది. చట్టాలను, పద్ధతులను సవరించడంలో సలహా మూడవది. సరిహద్దు గ్రామాలకు వంతెనలు, సంతలు, కాలువల మరమ్మతులు వంటి జీవనాధార సహాయం నాలుగవది. మొదటి రకం ఫొటోలలో బాగా కనిపిస్తుంది. నాలుగవ రకం గ్రామస్థుల జీవితంలో ఎక్కువగా కనిపిస్తుంది.

దాతల ఉద్దేశాలు ఒకటి కావు. ఐరోపా సమాఖ్య వర్తకం సాఫీగా సాగాలని, మాదకద్రవ్యాలు తన గడపదాకా రాకూడదని కోరుకుంటుంది. అమెరికా ఆసక్తి అఫ్ఘాన్ యుద్ధంతో ముడిపడి ఉండేది. రష్యాకు దక్షిణ దిక్కున భద్రత ముఖ్యం. రష్యా ప్రధాన సభ్యదేశంగా ఉన్న సామూహిక భద్రతా ఒప్పంద సంస్థ 2024 నవంబరులో తజిక్–అఫ్ఘాన్ సరిహద్దును పటిష్ఠం చేసే కార్యక్రమాన్ని ఆమోదించింది. చైనా దృష్టి తన షిన్‌జియాంగ్ ప్రాంతపు భద్రతపై ఉంది. ఇందరు దాతలు ఉన్నప్పుడు సహాయం పొందే దేశానికి బేరమాడే వీలు కలుగుతుంది. కానీ ఒకరిచ్చిన పరికరాలకు, మరొకరిచ్చిన శిక్షణకు పొంతన కుదరని ప్రమాదమూ ఉంటుంది.

5. పంజ్ నది: గీత నిలిచింది, ఆవలి ఒడ్డు మారింది

పంజ్ నది సరిహద్దులో గీత గురించి తగాదా లేదు. అందువల్ల కట్టడాలు కట్టడానికి, శిక్షణ ఇవ్వడానికి ఆటంకం రాలేదు. మునుపు ఔట్‌పోస్టులలో దీపం కూడా లేని దళాలకు నివాసాలు, వాహనాలు సమకూరాయి. వంతెనలవల్ల శతాబ్దకాలంగా విడిపోయిన ఒడ్లు మళ్లీ కలిశాయి. ఈ ఫలితాలను చిన్నచూపు చూడకూడదు.

అయితే మాదకద్రవ్యాల విషయంలో ఫలితం వేరు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య, నేర నియంత్రణ కార్యాలయం 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2010లో సుమారు 90 టన్నుల అఫ్ఘాన్ హెరాయిన్ మధ్య ఆసియా మీదుగా రవాణా అయింది. అందులో అధికభాగం తజికిస్తాన్ గుండానే సాగింది. మధ్య ఆసియా దేశాలు పట్టుకున్నది 3 శాతానికి లోపే. సహాయం మొదలై అప్పటికి చాలా ఏళ్లు గడిచాయి. సరిహద్దు కాపలాదారుడికి ఇచ్చే జీతం తక్కువగా ఉండి, అక్రమ రవాణాలో తిరిగే సొమ్ము ఎక్కువగా ఉన్నప్పుడు స్కానర్ ఒక్కటే పని చక్కబెట్టలేదు. పరికరాన్ని వాడే మనిషి, అతనిమీద ఉండే పర్యవేక్షణ, పట్టుబడినవారిపై జరిగే విచారణ అన్నీ కుదిరినప్పుడే పరికరానికి విలువ.

రెండవ పరీక్ష 2021లో ఎదురైంది. ఆ ఏడాది జూన్ 22న నిజ్నీ పంజ్ వంతెనకు అఫ్ఘాన్ వైపు ఉన్న షేర్ ఖాన్ బందర్‌ను తాలిబాన్ దళాలు ఆక్రమించాయి. జులై మొదటివారంలో వెయ్యిమందికి పైగా అఫ్ఘాన్ సైనికులు నది దాటి తజికిస్తాన్‌లో తలదాచుకున్నారు. ఆగస్టులో కాబూల్ తాలిబాన్ వశమైంది. సరిహద్దు సంతలు మూతపడే ఉన్నాయి. వంతెన చెక్కుచెదరలేదు, శిక్షణ పొందిన అధికారులు ఉన్నారు. కానీ ఆవలి ఒడ్డున ఎవరితో కలిసి పనిచేయాలని వారికి శిక్షణ ఇచ్చారో ఆ వ్యవస్థే లేకుండా పోయింది. సమగ్ర నిర్వహణలోని మూడవ అంచె, అంటే పొరుగు దేశంతో సహకారం, ఒక్క వేసవిలో కూలిపోయింది.

6. ఫర్గానా లోయ: ఒక కెమెరా కథ

కిర్గిజ్‌స్తాన్–తజికిస్తాన్ సరిహద్దు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. దీన్ని నిర్ణయించే చర్చలు 2002లో మొదలయ్యాయి. రెండు దశాబ్దాల తరువాత కూడా సుమారు సగం మాత్రమే తేలింది. తజిక్ పక్షం 1920లలో గీసిన పటాలను, కిర్గిజ్ పక్షం 1950లలో గీసిన పటాలను ప్రమాణంగా చూపేవి. రెండూ సోవియట్ ప్రభుత్వ పత్రాలే. ఏ ఏడాది పటాన్ని నమ్మాలన్నదే తగాదా.

సహాయ సంస్థలకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. తేలని గీత దగ్గర చెక్‌పోస్టు కడితే, ఆ నేల ఫలానా దేశానిదని అంగీకరించినట్లవుతుంది. కట్టకపోతే, సహాయం ఎక్కువ అవసరమైనచోటే అందనట్లవుతుంది. ఇందుకు మధ్యేమార్గంగా ఐక్యరాజ్యసమితి శాంతి నిర్మాణ నిధితో ఇరువైపుల గ్రామాలలో కాలువల మరమ్మతులు, యువజనుల మధ్య సంబంధాలు, ఉమ్మడి నీటి నిర్వహణ వంటి పనులు చేపట్టారు. అవి మంచి పనులే. కానీ కాలువ బాగుపడినా, కాలువ తల ఎవరి అధీనంలో ఉందన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఆ ప్రశ్న 2021 ఏప్రిల్ 28న పేలింది. ఇస్ఫరా నది నీటిని పంచే హెడ్ రెగ్యులేటర్ ఒకటి గొలొవ్నోయ్ అనేచోట ఉంది. అక్కడ తజిక్ పక్షం ఒక స్తంభానికి నిఘా కెమెరాలు అమర్చింది. కిర్గిజ్ పక్షం అభ్యంతరం చెప్పి, వాటిని తొలగించడానికి పూనుకుంది. మొదట గ్రామస్థులు రాళ్లు రువ్వుకున్నారు. మరునాటికి సైన్యాలు కాల్పులు జరుపుకున్నాయి. మే 1 నాటికి కాల్పుల విరమణ స్థిరపడేలోగా ఇరువైపులా కలిపి 50 మందికి పైగా మరణించారు. ఇళ్లు, బడులు, దుకాణాలు కాలిపోయాయి.

సరిహద్దు నిర్వహణను అధ్యయనం చేసేవారు ఈ ఘటనను మరువకూడదు. నిఘా కెమెరా ఆధునిక సరిహద్దు నిర్వహణలో మామూలు పరికరం. ఉభయులూ అంగీకరించిన గీత దగ్గర అది వివాదాలను తగ్గిస్తుంది, ఏం జరిగిందో సాక్ష్యం చూపిస్తుంది. అంగీకారం లేనిచోట అదే పరికరం ఆ నేలమీద హక్కు ప్రకటించుకోవడంగా అర్థమవుతుంది. పరికరం ఒక్కటే, అది నిలబడిన నేల స్వభావాన్ని బట్టి దాని అర్థం మారిపోయింది.

2022 సెప్టెంబరు మధ్యలో మరింత పెద్ద ఘర్షణ జరిగింది. షాంఘై సహకార సంస్థ శిఖరాగ్ర సమావేశం కోసం ఇరుదేశాల అధ్యక్షులూ సమర్‌కంద్‌లో ఉన్న రోజులవి. ఆ సంస్థలో భారతదేశం కూడా సభ్యదేశమే. ఈసారి వందమందికి పైగా మరణించారు. బత్కెన్ ప్రాంతం నుంచి సుమారు 1,37,000 మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించినట్లు కిర్గిజ్ ప్రభుత్వం ప్రకటించింది. ఇరుదేశాలలోను సంవత్సరాల తరబడి సరిహద్దు నిర్వహణ కార్యక్రమాలు నడుస్తున్న కాలంలోనే ఇది జరిగింది.

7. పొరుగువారు తామే కూర్చున్నప్పుడు

పరిస్థితి మారడం బయటి సహాయంతో కాక, రాజకీయ నిర్ణయంతో మొదలైంది. 2016లో ఉజ్బెకిస్తాన్‌లో అధికారం మారింది. కొత్త అధ్యక్షుడు మిర్జియోయెవ్ పొరుగు దేశాలతో సత్సంబంధాలకు ప్రాధాన్యమిచ్చారు. 2017 సెప్టెంబరులో కిర్గిజ్‌స్తాన్‌తో సరిహద్దులో సుమారు 85 శాతానికి సంబంధించిన ఒప్పందం కుదిరింది. 2018 మార్చిలో ఆయన దుషాంబే పర్యటన సందర్భంగా, ఏళ్లుగా మూతపడిన చెక్‌పోస్టులు తెరుచుకున్నాయి. ఉజ్బెక్, తజిక్ పౌరులు 30 రోజులపాటు వీసా లేకుండా రాకపోకలు సాగించే వీలు కలిగింది. ఉజ్బెకిస్తాన్ ఒకప్పుడు ఈ సరిహద్దులో పాతిన మందుపాతరల తొలగింపు కూడా సాగింది. అంతకుముందు పదిహేనేళ్లలో శిక్షణ పొందిన అధికారులు, అభివృద్ధి చేసిన పద్ధతులు అప్పుడు అక్కరకు వచ్చాయి. పొలంలో కాలువ ముందే తవ్వి ఉంది, నీరు వదలడానికి నిర్ణయం ఆలస్యంగా వచ్చింది.

కిర్గిజ్–తజిక్ వివాదం కూడా ఇదే దారి పట్టింది. 2022 నాటి రక్తపాతం తరువాత ఇరుదేశాల అధికారులు ఎడతెగకుండా చర్చలు జరిపారు. 2024 డిసెంబరులో గీత మొత్తం నిర్ణయమైనట్లు ప్రకటించారు. 2025 మార్చి 13న బిష్కెక్‌లో అధ్యక్షులు జపారోవ్, రహ్మాన్ ఒప్పందంపై సంతకాలు చేశారు. మూసి ఉన్న చెక్‌పోస్టులు తెరుచుకున్నాయి. రోడ్ల వినియోగం, నీటి, విద్యుత్ సదుపాయాల అందుబాటు గురించి కూడా ఏర్పాట్లు చేసుకున్నారు. అదే నెల 31న ఉజ్బెకిస్తాన్ అధ్యక్షుడితో కలిసి ఖుజంద్‌లో మూడు దేశాల సరిహద్దులు కలిసే బిందువును నిర్ధారించే ఒప్పందం చేసుకున్నారు. గీత ఒక్కటే గీసి ఊరుకోక రోడ్లను, నీటిని కూడా చర్చలోకి తీసుకురావడం ఇక్కడి ప్రత్యేకత. వివాదం మొదలైంది నీటి దగ్గరే కాబట్టి నీటిని వదిలేసిన ఒప్పందం నిలిచేది కాదు.

అయితే ఈ ఒప్పందాలకు మరో పార్శ్వం ఉంది. 2022లో కిర్గిజ్–ఉజ్బెక్ ఒప్పందంలో భాగంగా కెంపిర్‌అబాద్ జలాశయం ఉజ్బెకిస్తాన్‌కు వెళ్లడాన్ని వ్యతిరేకించిన కిర్గిజ్ ఉద్యమకారులను, రాజకీయ నాయకులను ఆ అక్టోబరులో అరెస్టు చేశారు. 2025 ఒప్పందంలోని భూమార్పిడి కారణంగా కొన్ని కుటుంబాలు ఇల్లూవాకిలీ విడిచి వెళ్లవలసి వచ్చింది. గీత తేలడం దేశానికి లాభం. గీత పక్కన నివసించే కుటుంబానికి మాత్రం ఆ లాభం దానంతట అది చేరదు. పునరావాసం, పరిహారం, కొత్త బావి, కొత్త బడి వంటివి సమకూర్చడంలో అంతర్జాతీయ సహాయానికి ఇప్పుడు అసలైన పని ఉంది.

మన దేశపు అనుభవం కూడా ఈ సూత్రాన్నే బలపరుస్తుంది. భారత్–బంగ్లాదేశ్ మధ్య 1974లో కుదిరిన భూసరిహద్దు ఒప్పందం నాలుగు దశాబ్దాల తరువాత, నూరవ రాజ్యాంగ సవరణతో, 2015లో అమలులోకి వచ్చింది. ఆ ఏడాది జులై 31 అర్ధరాత్రి బంగ్లాదేశ్‌లో ఉన్న 111 భారత భూభాగాలు, భారత్‌లో ఉన్న 51 బంగ్లా భూభాగాలు చేతులు మారాయి. అక్కడి ప్రజలు తమ పౌరసత్వాన్ని తామే ఎంచుకున్నారు. ఇందులో బయటి దాతలకు పాత్ర లేదు. వొరూఖ్ వంటి భూభాగాలను గురించి ఆలోచించేవారికి ఈ ఉదాహరణ ఉపయోగపడుతుంది. నివసించేవారిని అడగడం సాధ్యమేనని అది నిరూపించింది.

8. సహాయాన్ని కొలవడం ఎలా?

సహాయ కార్యక్రమాల నివేదికలు సాధారణంగా ఎన్ని భవనాలు కట్టారు, ఎందరికి శిక్షణ ఇచ్చారు, ఎన్ని సదస్సులు జరిపారు అన్న లెక్కలను చూపుతాయి. ఇవి ఖర్చుకు లెక్కలు. ఫలితానికి లెక్కలు కావు. పై పరిశీలన ఆధారంగా సరిహద్దు నిర్వహణ సహాయాన్ని మూడు ప్రశ్నలతో కొలవవచ్చునని ఈ వ్యాసం సూచిస్తుంది.

మొదటి ప్రశ్న: సహాయం అందే చోట గీతపై ఉభయుల అంగీకారం ఉందా? ఉంటే కట్టడాలకు, పరికరాలకు ప్రాధాన్యమివ్వవచ్చు. లేకపోతే పటాల పరిశీలనకు, సర్వేకు, ఉమ్మడి నీటి లెక్కలకు తోడ్పడడం మేలు.

రెండవ ప్రశ్న: సహాయం ఆగిన తరువాత ఆ పని సాగుతుందా? జనరేటరుకు డీజిలు, స్కానరుకు మరమ్మతు, శిక్షకుడికి జీతం ప్రభుత్వ బడ్జెట్టులో లేకపోతే, దాత వెళ్లినరోజే ఆ వ్యవస్థ ఆగిపోతుంది.

మూడవ ప్రశ్న: గీత పక్కన నివసించే రైతు, పశువుల కాపరి, చిన్న వర్తకుడు, పొరుగు ఊరికి కోడలిగా వెళ్లిన స్త్రీ మునుపటికంటే సులువుగా, భయం లేకుండా దాటగలుగుతున్నారా? దీనికి జవాబు కార్యాలయంలో దొరకదు. చెక్‌పోస్టు దగ్గర వరుసలో నిలబడినవారిని అడిగితే దొరుకుతుంది.

9. ముగింపు

మధ్య ఆసియా అనుభవం నుంచి తేలిన అంశాలు ఇవి. పంజ్ నది దగ్గర గీత స్పష్టంగా ఉండడంవల్ల సహాయం నిలదొక్కుకుంది, కానీ ఆవలి ఒడ్డున రాజ్యం మారడంతో సగం ఫలితం చేజారింది. ఫర్గానా లోయలో గీత తేలకపోవడంవల్ల ఏ పరికరమూ శాంతిని కాపాడలేకపోయింది, ఒక పరికరమే ఘర్షణకు నిప్పంటించింది. ఆ లోయలో చెక్‌పోస్టులు తెరుచుకున్నది పొరుగు దేశాలు తమంతట తాము కూర్చుని మాట్లాడుకున్న తరువాతే.

దీన్నిబట్టి అంతర్జాతీయ సహాయం వృథా అని భావించడం సరికాదు. నిర్ణయం జరిగిన రోజున దాన్ని అమలుచేయగల మనుషులు, పద్ధతులు సిద్ధంగా ఉండాలి. ఆ సిద్ధపాటును సహాయం కల్పించగలదు. నిర్ణయాన్ని కల్పించలేదు. ఈ తేడాను దాతలూ, సహాయం పొందే ప్రభుత్వాలూ మొదటే ఒప్పుకుంటే, నిధులు చేరవలసినచోటికి చేరతాయి.

పారశీకపు ‘సర్‌హద్’ తెలుగులో ‘సరిహద్దు’ అయినప్పుడు, మన చెవికి అందులో ‘సరి’ అనే అచ్చతెలుగు మాట వినిపిస్తుంది. వ్యుత్పత్తి దృష్ట్యా ఆ పోలిక యాదృచ్ఛికమే. అయినా గట్టుకు అటువైపు రైతూ, ఇటువైపు రైతూ ‘సరే’ అన్నప్పుడే హద్దురాయి నిలుస్తుందని మన పల్లెలకు తెలుసు. బత్కెన్, ఇస్ఫరా గ్రామాల ప్రజలు ఆ ‘సరే’ కోసం ముప్పై ఏళ్లకు పైగా ఎదురుచూశారు. ఇప్పుడు నాటుతున్న రాళ్లు నిలవాలంటే, ఇకపై వచ్చే ప్రతి సహాయమూ ముందుగా వారి మాట వినాలి.